గాజుపెట్టెలో చెరువు: అక్వేరియం చరిత్ర చెప్పే ఆరోగ్య పాఠాలు



గత నెలలో తాండూరు నుంచి ఒక యువ మిత్రుడు ఫోన్ చేశాడు. నాపరాళ్ల వ్యాపారం అతనిది. పూర్వం అతని తండ్రిగారికి నేను వైద్యం చేశాను. ఆ చనువు ఇప్పటికీ ఉంది. "సార్, ఆఫీసుల చిన్న అక్వేరియం పెడదామనుకుంటున్న. ఎక్కువ పని లేనిది కావాలె. చేపలను చూస్తుంటే బీపీ తగ్గుతదంటరు గద, నిజమేనా?" అని అడిగాడు. నిజమేనన్నాను. వెంటనే రెండో ప్రశ్న వచ్చింది. "అట్లయితే గోలీలు బంద్ చేయొచ్చా సార్?"

మొదటి ప్రశ్నకు ఒక్క మాటలో జవాబు చెప్పగలిగాను. రెండో ప్రశ్నకు "వద్దు" అని మాత్రం అప్పటికప్పుడే గట్టిగా చెప్పి, కారణం తీరికగా రాస్తానన్నాను. ఈ వ్యాసం ఆ మాట నిలబెట్టుకునే ప్రయత్నం. గాజుపెట్టెలో చేపల పెంపకానికి సుమారు 170 ఏళ్ల చరిత్ర ఉంది. అందులో వైద్యులూ ఉన్నారు, రసాయన శాస్త్రజ్ఞులూ ఉన్నారు, మన హైదరాబాదూ ఉంది. ఆ చరిత్ర తెలిస్తే ఆఫీసులో చిన్న అక్వేరియాన్ని ఎలా నడపాలో, దాని నుంచి ఏమి ఆశించాలో, ఏమి ఆశించరాదో తేటతెల్లమవుతుంది.

రాజుల వినోదం నుంచి వైద్యుని సీసా వరకు

చేపలను చూసి ఆనందించడం మనకు కొత్త కాదు. వికారాబాద్ ప్రాంతానికి పొరుగున ఉన్న కల్యాణి రాజధానిగా పాలించిన పశ్చిమ చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు 12వ శతాబ్దంలో రచించిన 'మానసోల్లాసం'లో మత్స్యవినోదం అనే ప్రకరణమే ఉంది. చేపల రకాలు, వాటికి పెట్టే ఆహారం, గాలం వేసే పద్ధతి అందులో వర్ణితమయ్యాయి. చైనాలో సాంగ్ వంశీయుల కాలానికే బంగారు చేపలను కొలనుల్లో ప్రత్యేకంగా పెంచేవారు. అయితే వీరందరూ చేపను పైనుంచి చూసినవారే. పక్కనుంచి, గాజు గోడ గుండా, నీటిలోపలి బ్రతుకును చూసే అవకాశం 19వ శతాబ్దంలో గాని మనిషికి విరివిగా లభించలేదు.

ఆ అవకాశానికి తొలి మెట్టు వేసినవారిలో ఒక వైద్యుడున్నాడు. తూర్పు లండన్‌లో ప్రాక్టీసు చేసిన నథానియల్ వార్డ్ 1829 ప్రాంతంలో ఒక సీసాలో తడిమట్టి వేసి, అందులో సీతాకోకచిలుక జాతి పురుగు గూడునుంచి మూత బిగించాడు. పురుగు సంగతి ఎలా ఉన్నా, మట్టిలోంచి ఒక ఫెర్న్ మొక్క మొలిచింది. పొగ నిండిన లండన్ గాలిలో బతకని మొక్క మూసిన సీసాలో ఏపుగా పెరిగింది. ఆ సూత్రంతో తయారైన గాజుపెట్టెలకు వార్డ్ పెట్టెలని పేరు వచ్చింది. 1860ల ఆరంభంలో దక్షిణ అమెరికా సింకోనా మొక్కలు సముద్రాలు దాటి నీలగిరులకు చేరింది ఇటువంటి పెట్టెల్లోనే. మలేరియాకు మందైన క్వినైన్ ఆ చెట్టు బెరడులోనిదే కదా!

నీటి విషయంలో తొలి అడుగు ఒక మహిళది. ఫ్రాన్సులో పుట్టి సిసిలీ ద్వీపంలో స్థిరపడిన జాన్ విల్‌ప్రూ పవర్ సముద్రజీవులను పరిశీలించేందుకు 1832లో గాజుతొట్లు చేయించింది. 1850లో లండన్ రసాయనజ్ఞుడు రాబర్ట్ వారింగ్టన్ ఇంకో అడుగు ముందుకు వేశాడు. రెండు బంగారు చేపలు, వాలిస్నేరియా అనే నీటిమొక్క కలిపి ఒక పాత్రలో పెట్టాడు. కొన్నాళ్లకు ఆకులు కుళ్లి నీరు చెడింది. నత్తలను వేశాడు. అవి కుళ్లిన ఆకులను తిన్నాయి, నీరు మళ్లీ తేటపడింది. చేప వదిలిన శ్వాస మొక్కకు, మొక్క ఇచ్చిన ప్రాణవాయువు చేపకు, ఇద్దరి వ్యర్థం నత్తకు. ఈ సమతుల్యాన్ని ప్రయోగపూర్వకంగా చూపి, కెమికల్ సొసైటీకి నివేదించాడు.

1853లో లండన్ జంతుప్రదర్శనశాలలో ప్రజల కోసం చేపల భవనం తెరిచారు. 1854లో ఫిలిప్ గాస్ రాసిన గ్రంథంతో 'అక్వేరియం' అన్న మాట ఇంటింటికీ పాకింది. ధనికుల ఇళ్లలో గాజుతొట్టి లేని హాలు లేదన్నంతగా మోజు పెరిగింది. కాని కొద్ది సంవత్సరాలలోనే ఆ మోజు చల్లారింది. తెచ్చిన జీవులు తెచ్చినట్టే చనిపోతుంటే ఎవరికి మాత్రం ఉత్సాహం ఉంటుంది?

తేటనీరు వేరు, మంచినీరు వేరు

అదే 1854లో అదే లండన్ నగరంలో మరొక సంఘటన జరిగింది. వైద్య విద్యార్థులందరూ చదువుకునేదే. బ్రాడ్ స్ట్రీట్ ప్రాంతంలో కలరా విజృంభించినప్పుడు, వ్యాధి ఒక చేతిపంపు నీటి ద్వారా వ్యాపిస్తోందని డాక్టర్ జాన్ స్నో నిరూపించాడు. కంటికి తేటగా కనిపించే నీరు ప్రాణాలు తీయగలదని లోకం నేర్చుకున్న సంవత్సరమది. ఆ నగరంలోనే గాజుతొట్లలో చేపలు చచ్చిపోతున్నాయి. తేటనీటిలోనే. ఈ రెండింటి పాఠం ఒకటేనని గ్రహించడానికి మరికొన్ని దశాబ్దాలు పట్టింది.

ఆ పాఠాన్ని నేను నా చేతులారా నేర్చుకున్నాను. వికారాబాద్ ప్రాంతంలో పనిచేసే రోజుల్లో, అవుట్ పేషెంట్ గదిలో పిల్లలకు భయం తగ్గుతుందని చిన్న తొట్టి ఒకటి తెచ్చి, నీరు నింపి, అదే రోజు ఎనిమిది చేపలు వదిలాను. రెండో వారం చివరికి ఒక్కటీ మిగలలేదు. నీరు మాత్రం స్ఫటికంలా ఉంది. నీరు చెడిందేమోనని మధ్యలో మొత్తం పారబోసి, గులకరాళ్లను బ్లీచింగ్ కలిసిన కుళాయి నీటితో శుభ్రంగా కడిగించాను కూడా. తరువాత తెలిసింది, నేను కడిగించింది చేపల ప్రాణాలనేనని. ఒక రోజు ఉదయం జ్వరంతో వచ్చిన పాప తేలుతున్న చేపను చూసి, "చేపకు గూడ సూది ఎయ్యలేదా?" అని తల్లిని అడిగింది. ఆ రోజే తొట్టి తీయించాను. చదువుకున్న వైద్యుణ్ణి అయి ఉండి, ఆ చేపలు ఎందుకు చనిపోయాయో చెప్పలేకపోవడం నాకు చిన్నతనమనిపించింది.

కారణం ఇది. చేప విసర్జించే అమోనియా దానికే విషం. 1890లో రష్యన్ శాస్త్రవేత్త సెర్గీ వినోగ్రాడ్‌స్కీ ఒక సూక్ష్మజీవుల వర్గాన్ని వేరుచేసి చూపాడు. అవి అమోనియాను నైట్రైటుగా, ఆపైన నైట్రేటుగా మారుస్తాయి. నైట్రైటు కూడా విషమే. చేప రక్తంలోని హిమోగ్లోబిన్‌ను పనికిరాకుండా చేస్తుంది. నైట్రేటు వాటికంటే చాలా తక్కువ హానికరం. ఈ మేలుచేసే సూక్ష్మజీవులు గులకరాళ్ల మీద, ఫిల్టరు స్పంజి మీద కాపురం పెట్టడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. నేను మొదటి రోజే చేపలు వదిలాను. పైగా ఆ సూక్ష్మజీవులను బ్లీచింగ్‌తో చంపించాను. విక్టోరియా కాలం నాటి లండన్ గృహస్థులకు కూడా ఈ సంగతి తెలియదు. వారు మొక్కను, చేపను, నత్తను చూశారు. కంటికి కనిపించని నాలుగో భాగస్వామిని చూడలేదు.

ఈ నైట్రేటు మనకూ పరిచితమే. బావినీటిలో ఇది మితిమీరితే, ఆ నీటితో కలిపిన పాలు తాగే పసికందుల రక్తంలో ఇదే మార్పు జరిగి ఒళ్లు నీలిబారుతుందని 1945లో అమెరికాలో డాక్టర్ కామ్లీ గుర్తించాడు. ఆ నీరు కూడా చూడటానికి తేటనీరే.

హైదరాబాదు దోమ, తొట్టిలోని గప్పీ

నిలవనీటి విషయానికి వస్తే మన ప్రాంతానికి ప్రపంచ వైద్యచరిత్రలో స్థానముంది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ ఒక అనాఫిలిస్ దోమ జీర్ణకోశంలో మలేరియా పరాన్నజీవిని కనుగొన్నాడు. 1902లో ఆయనకు నోబెల్ బహుమతి లభించింది. దోమ పుట్టేది నిలవనీటిలో కనుక, లార్వాలను తినే చేపలపై దృష్టి మళ్లింది. దక్షిణ అమెరికా మూలమున్న గప్పీ, ఉత్తర అమెరికా మూలమున్న గంబూసియా ఆ పనికి మన దేశానికి వచ్చాయి. గంబూసియా 1928లో ఇటలీ మీదుగా చేరింది. నేటికీ ఆరోగ్య సిబ్బంది కుంటల్లో, బావుల్లో గంబూసియాను వదలడం మీరు చూసే ఉంటారు.

దీని వెనుక ఒక హెచ్చరిక కూడా ఉంది. గంబూసియా స్థానిక చేపల పిల్లలను, గుడ్లను తింటుంది. ప్రపంచంలోని అత్యంత హానికర ఆక్రమణ జాతుల పట్టికలో దాని పేరుంది. అందుచేత ఆఫీసు తొట్టిలో చేపలు ఎక్కువైతే "పుణ్యం వస్తుంది" అని కాగ్నా నదిలోనో ఊరిచెరువులోనో వదలవద్దు. పెంచుకునేవారికి ఇవ్వండి.

ఇంకొక సంగతి. చేపలున్న తొట్టిలో దోమ లార్వా బతకదు. కాని చేపలు చనిపోయి, మూలన పడిన తొట్టిలో నీరు మిగిలితే అది డెంగీని మోసే ఈడిస్ దోమకు పురిటిగది. ఈడిస్ గుడ్డు దోమగా మారడానికి వారం పది రోజులు చాలు. వానాకాలంలో కూలర్లు, పూలకుండీలు తనిఖీ చేసే సిబ్బంది పాడుబడిన అక్వేరియాన్ని అలంకారమనుకుని వదిలేయడం నేను చూశాను.

అనంతగిరి నేర్పిన వివేకం

ఇక బీపీ ప్రశ్న. 1980లలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయానికి చెందిన ఆరన్ కాచర్, అలన్ బెక్ తదితరులు దీనిని పరీక్షించారు. చేపలను చూస్తూ కూర్చున్నవారిలో, బీపీ ఉన్నవారిలోనూ లేనివారిలోనూ, రక్తపోటు తగ్గినట్టు 1983లో ప్రకటించారు. పంటి శస్త్రచికిత్సకు ముందు అక్వేరియాన్ని చూసిన రోగులకు ఆందోళన తగ్గినట్టు 1984లో నివేదించారు. 2015లో ఇంగ్లండులోని ఎక్సెటర్, ప్లిమత్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు ప్లిమత్ జాతీయ అక్వేరియంలోని పెద్ద తొట్టి ముందు సందర్శకులను పరీక్షించి, గుండె వేగం, రక్తపోటు తగ్గడం గమనించారు.

కనుక నా మిత్రుని మాట అబద్ధం కాదు. అయితే ఇవన్నీ తొట్టి ముందు కూర్చున్న ఆ కొద్దిసేపటి కొలతలు. నెలల తరబడి రక్తపోటును అదుపులో ఉంచి, పక్షవాతాన్ని, గుండెపోటును, మూత్రపిండాల దెబ్బను తప్పించగల మందుకు అవి సాటిరావు.

ఈ తేడాను అర్థం చేసుకోవడానికి మనం దూరం పోనక్కరలేదు. వికారాబాద్ పక్కనే అనంతగిరి కొండలున్నాయి. మూసీనది పుట్టేది అక్కడే. నిజాం కాలం నాటి క్షయ శానిటోరియం ఉన్నదీ అక్కడే. సరైన మందు లేని రోజుల్లో క్షయకు చెట్ల గాలి, విశ్రాంతి, బలమైన ఆహారం, నిశ్శబ్దమే చికిత్స. దానివల్ల రోగికి ఊరట దొరికేది, కొందరు కోలుకునేవారు కూడా. 1943లో స్ట్రెప్టోమైసిన్, ఆ తరువాత మరికొన్ని మందులు వచ్చాయి. ఆపైన మద్రాసు క్షయ పరిశోధనా కేంద్రంలో ఒక చరిత్రాత్మక అధ్యయనం జరిగింది. శానిటోరియంలో ఉంచిన రోగులకు, ఇరుకిళ్లలోనే ఉంటూ అవే మందులు వాడిన పేదలకు ఫలితం దాదాపు ఒకే విధంగా ఉందని 1959లో వెల్లడైంది. నయం చేసింది మందు. కొండగాలి మనసుకు హాయినిచ్చింది. హాయి అక్కరలేదని నేననను. కాని హాయి మందు పని చేయదు.

అనంతగిరి గాలి క్షయకు ఎలాగో, ఆఫీసు అక్వేరియం బీపీకి అలాగే. చేపలను చూడండి. మాత్రలు వేసుకోండి. రెండూ చేయండి.

క్షయకు దూరపు చుట్టం

ఇంతటితో ఆపితే బాగుండేది. కాని క్షయ క్రిమికి చేపలతొట్టిలో ఒక చుట్టముంది. 1926లో ఫిలడెల్ఫియా అక్వేరియంలో చనిపోయిన సముద్రపు చేపల నుంచి ఆరన్‌సన్ అనే శాస్త్రవేత్త దీనిని వేరుచేశాడు. పేరు మైకోబాక్టీరియం మెరైనం. 1950లలో స్వీడన్‌లో ఈత కొలనులో గీరుకుపోయినవారి చర్మంపై పుండ్లకు ఇదే కారణమని తేలింది. 1962లో చేపలతొట్టి వల్ల ఈ వ్యాధి వచ్చిన వైనం వైద్యపత్రికలకెక్కింది.

ఉద్యోగ జీవితపు చివరి సంవత్సరాలలో ఒక కుర్రవాడు నా వద్దకు వచ్చాడు. కుడిచేతి వేలిమీద మానని పుండు, అక్కడి నుంచి ముంజేతి మీదుగా వరుసగా గడ్డలు. ఏం పని చేస్తావని అడిగితే "ఆఫీసుల పని సార్" అన్నాడు. రాసుకున్నాను. రెండు విడతలు సాధారణ యాంటిబయోటిక్‌లు ఇచ్చాను. తగ్గలేదు. మూడు నెలల తరువాత, వేరే మాటల మధ్యలో, ఆఫీసులో చేపల తొట్టి కడిగేది తానేనని చెప్పాడు. ముక్క పరీక్షకు హైదరాబాదు పంపి, ఆ క్రిమి 37 డిగ్రీల కంటే 30 డిగ్రీల వద్ద బాగా పెరుగుతుందని ప్రయోగశాలవారికి రాసి పంపాను. అనుమానం నిజమైంది. సరైన మందులు కొన్ని నెలలు వాడాక చేయి బాగుపడింది.

వృత్తివ్యాధుల వైద్యానికి పితామహుడైన ఇటలీ వైద్యుడు రమజ్జీని 1700లోనే, రోగిని "నీ వృత్తి ఏమిటి?" అని తప్పక అడగాలని రాశాడు. నేను అడిగాను, జవాబు పూర్తిగా వినలేదు. ఆ మూడు నెలల నొప్పిలో నా వాటా ఉంది.

మరి తాండూరు ఆఫీసులో ఎలా?

మిత్రునికి చెప్పిన సూచనలను ఇక్కడ అందరి కోసం రాస్తున్నాను.

తొట్టి మరీ చిన్నది వద్దు. చిన్న తొట్టికి పని తక్కువనుకోవడం పొరపాటు. నీరు తక్కువైతే అది త్వరగా చెడుతుంది. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉంటే సుమారు 55 లీటర్లు పడుతుంది. రాళ్లతో సహా 75 కిలోలకు పైగా బరువుంటుంది కనుక గట్టి బల్ల కావాలి. ఎండపడే కిటికీ పక్కన పెట్టరాదు. గుండ్రని గాజుగిన్నెలో బంగారు చేపను పెట్టడం దానికి శిక్ష.

తాండూరు నేల సున్నపురాతి నేల. భూగర్భజలం సాధారణంగా గట్టినీరు, క్షారగుణం కలది. గప్పీ, మోలీ, ప్లాటీ చేపలకు ఇది అనుకూలం. మగ గప్పీలను మాత్రమే తెస్తే సంతానం బెడద ఉండదు. క్షారగుణం గల నీటిలో అమోనియా మరింత విషమవుతుంది కాబట్టి, తొట్టిని ముందుగా సిద్ధం చేయడం ఇక్కడ మరీ ముఖ్యం. స్పంజి ఫిల్టరు నడుపుతూ, రోజూ చిటికెడు మేత వేస్తూ, చేపలు లేకుండా నాలుగు వారాలకు తగ్గకుండా ఆగండి. అమోనియా, నైట్రైటు పరీక్ష కిట్ చవకగా దొరుకుతుంది. రెండూ సున్నా చూపితే మూడు నాలుగు చేపలు, ఇంకొన్ని వారాలకు మిగిలినవి. మొత్తం పది మించవద్దు.

మొక్కల్లో వారింగ్టన్ వాడిన వాలిస్నేరియానే నాటండి. అది మన చెరువుల్లోనూ పెరిగేదే, గట్టినీటిని తట్టుకునేదే.

వారానికొకసారి నాలుగో వంతు నీరు మార్చండి. మొత్తం మార్చవద్దు. కుళాయి నీటిని వెడల్పు బకెట్టులో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు పోతుంది. స్పంజిని తొట్టిలోంచి తీసిన నీటితోనే పిండాలి, కుళాయి కింద కాదు. మేత రెండు నిమిషాల్లో తినేంతే. ఆఫీసులో నలుగురూ ప్రేమతో నాలుగుసార్లు మేత వేయడం చేపలకు అన్నిటికన్నా పెద్ద ప్రమాదం. ఆదివారం ఉపవాసం వాటికి మేలే. ఎండాకాలంలో వేడినీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది; కరెంటు పోయినా నడిచే బ్యాటరీ గాలిపంపు ఒకటి ఉంచుకోండి.

చేతికి గాయముంటే తొట్టిలో చేయి పెట్టరాదు. కడిగేవారికి పొడవైన రబ్బరు తొడుగులు కొనివ్వండి. గొట్టాన్ని నోటితో పీల్చి నీరు తీయరాదు. ఆ నీటిని తాగేనీటి గిన్నెలు కడిగేచోట పోయరాదు. తరువాత సబ్బుతో చేతులు కడుక్కోవాలి. రోగనిరోధక శక్తి తగ్గించే మందులు వాడేవారికి ఈ పని అప్పగించవద్దు. తొట్టిని ముట్టుకునే ముందు ప్లగ్ తీయాలి.

చివరిది, అన్నిటికన్నా ముఖ్యమైనది. తొట్టి కొనకముందే, దానిని చూసుకునే మనిషి పేరు కాగితం మీద రాయండి. ఆ మనిషి సెలవులో ఉంటే చూసే రెండో పేరు కూడా. ఆ రెండు పేర్లు రాయలేకపోతే తొట్టి కొనవద్దు. గోడకు చేపల బొమ్మ తగిలించుకోండి, ఎవరికీ హాని లేదు. "ఎక్కువ పని లేనిది" అంటే వారానికి అరగంట పని అని అర్థం. పనే లేనిది అని కాదు.

మిత్రుడు ఇదంతా విని కొంతసేపు మౌనంగా ఉన్నాడు. తరువాత, "పేర్లు రాస్త సార్. మొదటి పేరు నాదే" అన్నాడు. మరి గోలీల సంగతి ఏమిటని అడిగాను. "చేపలకు మేత వేసే టైమే గోలీ టైము పెట్టుకుంట" అన్నాడు. ఇంతకంటే మంచి చీటీ నేనూ రాయలేను.

అందరికీ ఆరోగ్యమస్తు.